మూడోరోజు వచ్చిన మనిషి

పోయినవారం మనం మిషనమ్మను పరాయి దేశపు వంటగదిలో, ఒక ఆకుపచ్చ ఫైలు ముందు కూర్చోబెట్టి వచ్చేశాం. ఆ ఫైలులో ఉన్నవి ఉండనిచ్చే కాగితాలు. మొగుడి సంతకం ఒకచోట, పెళ్లాం సంతకం ఒకచోట. రెండూ పడితే ఇంకో మూడేళ్లు ఆ దేశంలో ఉండవచ్చు. ఒకటి తగ్గినా నెలాఖరుకు ముగ్గురూ పెట్టెలు సర్దుకోవాలి. మొగుడు ఫిట్టరు, ఆసుపత్రిలో నీళ్ల పైపులూ ఆవిరి పైపులూ చూస్తాడు. అతని సంతకం ఆదివారమే పడింది. ఆమెది పడలేదు. బుధవారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ ఫైలు పట్టుకుని ఇద్దరూ ఆఫీసులో నిలబడాలి. ఇవాళ మంగళవారం.

పెట్టనని ఆమె అనలేదు. అలాగని పెన్నూ పట్టుకోలేదు. వచ్చి ఐదు నెలలైంది. తొమ్మిదేళ్ల కూతురు బడిలో ఇంతవరకూ నోరు విప్పలేదని టీచరు చీటీ మీద చీటీ పంపుతోంది. సొంత ఊళ్లో సొంత గదిలో సొంత మిషను మీద కుట్టుకున్న మనిషి ఇక్కడ నలభై మిషన్ల వరసలో పదిహేడోది తొక్కుతోంది. అయినా నిలబడిందంటే ఒకే ఒక్క మాట మీద నిలబడింది. నేను రాలేదు, నన్ను పంపారు. ఎవరు పంపారంటే, దేవుడు.

ఆ పంపిన వైనం కొత్తగా చేరినవాళ్లకు చెప్పుకోవాలి. మొగుడికి ఈ ఉద్యోగం వచ్చినప్పుడు ఆమె ససేమిరా అంది. అమ్మ చేతినుంచి తన చేతికొచ్చిన నల్లటి కాలిమిషను వదిలి రానంది. ఆఖరికి మిషను తొక్కుతూనే దేవుడితో ఒక ఒప్పందం చేసుకుంది. "నేను ఎవరికీ చెప్పను. మూడు రోజుల్లో ముక్కూ మొహం తెలియని మనిషి గుమ్మంలోకి వచ్చి, ఈ మిషను ఇస్తావా అని అడగాలి. అడిగితే వెళ్తాను. అడక్కపోతే నన్ను లేపకు." మూడోరోజు మధ్యాహ్నం ఒక పెద్దావిడ వచ్చింది. నల్ల గొడుగు, నెరిసిన జుట్టు. కూర్చోమంటే కూర్చోలేదు. "ఈ మిషను ఇస్తావా అమ్మా" అంది. మిషనమ్మ బేరం కూడా ఆడకుండా, చేతిలో పెట్టిన డబ్బు తీసుకుని ఇచ్చేసింది. వారం తిరక్కుండా పెట్టెలు సర్దింది.

ఇక మంగళవారం సంగతి.

ఆ కార్ఖానాలో కుట్టేది ఆసుపత్రి గౌన్లు. నీలం గుడ్డ, తెల్ల నాడాలు. ఒక్కో గౌనుకు వెనకవైపు నాలుగు నాడాలు. మిషనమ్మ పని ఆ నాడాలు కుట్టడమే. పొద్దున్న ఏడింటికి పెద్ద మీట పైకెత్తితే నలభై మోటార్లూ ఒక్కసారి లేస్తాయి, తేనెపట్టు మీద రాయి వేసినట్టు. ఆ హోరులో పక్కమనిషి అరిచినా పెదాలు కదలడమే తప్ప మాట చేరదని ఆమె నమ్మకం. మిషనమ్మకు ఆ హోరంటే ప్రాణం. దానికి కారణముంది. పన్నెండేళ్లుగా ఆమె ప్రార్థన చేసేది మిషను నడుస్తున్నప్పుడే. మోకాళ్ల మీద కూర్చుంటే ఆమెకు మాట రాదు, నిద్ర వస్తుంది. కాలు ఆడుతుంటే, గుడ్డ జారుతుంటే, మాటలు దారం ఊడినట్టు ఊడి వస్తాయి. మిషను చప్పుడు తనకూ దేవుడికీ మధ్య తలుపు వేసినట్టు అనిపిస్తుంది ఆమెకు. లోపల ఏం మాట్లాడుకున్నా బయటికి పోదు.

పదకొండు గంటల వేళ కత్తెరమ్మ వచ్చింది. ఆమె ఆ దేశపు మనిషి, సూపర్‌వైజరు. మెళ్లో రిబ్బనుకు కత్తెర వేలాడదీసుకుని తిరుగుతుంది కాబట్టి మనవాళ్లిద్దరూ పెట్టుకున్న పేరది. మనవాళ్లిద్దరంటే మిషనమ్మ, కాజాల అక్క. గౌన్ల భుజాలకు కాజాలూ బొత్తాలూ వేసే కాజాల అక్క ఇరవయ్యేళ్లనాడు వచ్చి ఇక్కడే వేళ్లూనుకున్న మనిషి. ఆ గదిలో మన మాట తెలిసింది ఆమె ఒక్కతికే. ఏ వరసలోనో బెల్టు తెగిందట. కత్తెరమ్మ ఏమీ చెప్పకుండా పెద్ద మీట కిందికి లాగేసింది.

నలభై మోటార్లూ ఒక్క క్షణంలో చచ్చిపోయాయి. ఆ నిశ్శబ్దం నడిమధ్యలో ఒక్క గొంతు మాత్రం, సంతలో గంపలమ్మే గొంతు, గోడలదిరేట్టు వినిపించింది.

"రేపు సంతకం పెడుతున్నాను దేవా, నా ఇష్టం కాదు, నువ్వు పంపావనే పెడుతున్నాను, ఆ గొడుగావిడను నువ్వు పంపకపోతే నేను ఈ..."

అక్కడ ఆగింది. నాడా చేతిలో అలాగే ఉంది. మొహం మీద నెత్తురంతా చేరింది. తల తిప్పి చూసింది. విచిత్రమేమిటంటే ఎవరూ ఆమెవైపు చూడడం లేదు. పక్క మిషనామె ముక్కు తుడుచుకుంటోంది. ఎదురు వరసలో ఒకామె ఆవలించింది. ఉలిక్కిపడిన మనిషే లేదు.

కాజాల అక్క మాత్రం బొత్తాం నోట్లో పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది.

"ఏంటక్కా" అంది మిషనమ్మ.

"ఏం లేదులే పిల్లా. ఆపావేం, కానీ."

"నేను అంత గట్టిగా... మిషను ఆగిందని చూసుకోలేదు."

"మిషను నడిచినప్పుడు ఇంతకంటే గట్టిగా అరుస్తావు" అంది అక్క బొత్తాం తీసి. "చప్పుడుకు పైన మాట్లాడాలిగా మరి. నీ చెవిలో మోటారు మోగుతుంది కాబట్టి నీకు తెలీదు. మాకు తెలుసు. ఐదు నెలల్నుంచి వింటున్నాం."

"ఏం విన్నారు."

"వాళ్లకు మాట తెలీదుగా, పాట పాడుతున్నావనుకుంటారు. నాకు తెలుసుగా. నీ దవడ పన్ను సంగతి విన్నాను. మీ ఆయన గురక సంగతి విన్నాను. కత్తెరమ్మ జుట్టు సొంతమా సవరమా అని దేవుణ్ని అడిగావు, అదీ విన్నాను. కాజాల అక్కకు కాస్త నిదానం ఇవ్వు తండ్రీ అన్నావు చూడు, ఆరోజు మాత్రం సూదితో పొడుద్దామనుకున్నా."

మామూలు రోజైతే మిషనమ్మ కడుపుబ్బ నవ్వేది. ఇవాళ నవ్వలేదు. సిగ్గు కూడా ఎటుపోయిందో పోయింది. అక్క ఇంకేదో అంటూనే ఉంది. మిషనమ్మ కళ్లముందు మాత్రం సొంత ఊరి ముందుగది వచ్చి నిలబడింది.

ఆ గదికి నడుమ చెక్క అడ్డుంది. ఇటుపక్క మిషను, అటుపక్క నులకమంచం. ఒప్పందం చేసుకున్న ఆ మూడు రోజులూ ఆ మంచం ఖాళీగా లేదు. మొగుడు చీలమండ బెణికి బయటికి పోకుండా, కాలు దిండుమీద పెట్టుకుని అక్కడే పడుకున్నాడు. చెక్క అడ్డు మందం వేలెడు. మిషను చప్పుడుంది కదా అని ఆమె మూడు పూటలా ఆ ఒప్పందాన్నే తిప్పి తిప్పి చెప్పింది దేవుడికి. గుర్తులు చెప్పింది, గడువు చెప్పింది, ఏ మాట అడగాలో ఆ మాట కూడా చెప్పింది.



"ఏమైంది పిల్లా, రంగు మారిందేం" అంది అక్క నవ్వు ఆపి.

"అక్కా, నువ్వు ఇక్కడికి వచ్చేటప్పుడు దేవుడు నీకేమైనా గుర్తు చూపించాడా."

కాజాల అక్క సూదిలో దారం ఎక్కించింది. "నాకు గుర్తూ లేదు గిర్తూ లేదు. మొగుడు పోయాడు, ఉన్నచోట ఉండబుద్ధి కాలేదు, వచ్చాను. వచ్చాక చూస్తే దేవుడు నాకంటే ముందొచ్చి కూర్చున్నాడిక్కడ. ఎప్పుడొచ్చావని నేనడగలేదు. ఎందుకొచ్చావని ఆయనా అడగలేదు."

బెల్టు బిగించారు. మీట పైకి లేచింది. నలభై మోటార్లూ మళ్లీ హోరెత్తాయి. పదిహేడో మిషను కూడా నడిచింది. దాని ముందున్న మనిషి పెదాలు మాత్రం ఆ పూటంతా కదలలేదు. ఒంటిగంటకు తలనొప్పని చెప్పి బయటపడింది.

ఇంటికి వచ్చేసరికి ఫిట్టరు వంటగదిలో నేలమీద వెల్లకిలా పడుకుని, సింకు కింద తల దూర్చి పైపు బిగిస్తున్నాడు. పొద్దుటి డ్యూటీ దిగి వచ్చాడు. ఊరందరి పైపులూ బాగుచేసి వచ్చి ఇంట్లో కారేదాన్ని వారం రోజులు వాయిదా వేస్తాడని ఆమె ఎప్పుడూ సాధిస్తుంది. బల్లమీద ఆకుపచ్చ ఫైలు. పక్కనే పెన్ను, మూత తీసి మరీ పెట్టాడు.

"తొందరగా వచ్చావే" అన్నాడు సింకు కిందనుంచి. "ఆ పానా ఇలా అందుకో."

ఆమె అందించలేదు. సంచి కిందపెట్టి, కుర్చీ లాక్కుని, అతని కాళ్ల దగ్గర కూర్చుంది.

"ఏవండీ. మీ చీలమండ బెణికిన మూడు రోజులూ మంచంమీద ఏం చేశారు."

పైపు దగ్గర చప్పుడు ఆగింది. "ఏం చేస్తాను. పడుకున్నాను."

"నిద్రపోయారా."

"నొప్పికి నిద్రెక్కడిది."

"అయితే మెలకువగా ఉన్నారు."

 కుళాయి చివర నీటిబొట్టు ఒకటి ఉబ్బి, వేలాడి, కిందపడింది.

ఆమెకు తన పని తెలుసు. కుట్టు విప్పి దారమంతా లాగేసినా గుడ్డమీద సూది బెజ్జాలు మిగులుతాయి. వెలుతురుకు పట్టుకుంటే ఎక్కడ ఏ కుట్టు పడిందో బెజ్జం బెజ్జం లెక్కన చెప్పొచ్చు. ఆమె ఆ మూడు రోజుల్నీ అలాగే వెలుతురుకు పట్టింది.

"రెండోరోజు సాయంత్రం మీరు కుంటుకుంటూ బయటికెళ్లారు. మందుల షాపుకన్నారు. మందు తేలేదు. నేనడిగితే షాపు మూసుందన్నారు. మూడోరోజు ఆ గొడుగావిడ వచ్చి అడిగినప్పుడు మీరు మంచంమీదనుంచి ఎవరూ అని కూడా అనలేదు. పిల్లి వచ్చినా ఎవరూ అనే మనిషి మీరు."

అతను మెల్లగా బయటికి జరిగాడు. లేచి కూర్చున్నాడు. జుట్టులో బూజు, చేతికి నల్లటి జిడ్డు. పెళ్లాం మొహం చూడకుండా ఆ జిడ్డు చూసుకున్నాడు.

"నీకెవరు చెప్పారు."

"నా గొంతే చెప్పింది. ఇవాళ కార్ఖానా అంతా విన్నారు. అంతకుముందు ఐదు నెలలూ విన్నారట. వేలెడు చెక్కకు అటుపక్కనున్న మీరు వినలేదని చెప్పండి, నమ్ముతాను."

అతను గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్లీ తుడిచాడు.

"విన్నాను" అన్నాడు.

 "ఎవర్ని పంపారు."

"నూనె మావయ్యతో చెప్పాను." ఆరునెలలకోసారి నూనెడబ్బా పట్టుకుని వచ్చి మిషను బాగుచేసిపోయే ముసలాయన అతను. వరసకు ఏమీ కాకపోయినా అందరికీ మావయ్యే. "నీకు మొహం తెలియని మనిషిని ఎవర్నయినా పంపమన్నాను. వాళ్ల బావమరిదిని పంపుతానన్నాడు. ఏ మాట అడగాలో నేనే చెప్పాను."

"ఏ మాట."

"ఈ మిషను ఇస్తావా అని."

 ఆమె అరవలేదు. అరిచుంటే అతనికి తేలికగా ఉండేది. ఆమె ఫైలు దగ్గరకు లాక్కుంది, పెన్నుకు మూత పెట్టింది.

"నేను మా అమ్మ మిషను ఇచ్చేశాను" అంది. "పిల్ల మూగదానిలా బడికెళ్లి వస్తోంది. నేను ఎన్ని పూటలు ఏడుపు మింగానో మీకు తెలీదు. ఎందుకు మింగాను? దేవుడు పంపాడు కదా, ఆయన చూసుకుంటాడు కదా అని. చివరికి నన్ను పంపింది దేవుడు కాదు, మంచంమీదున్న మొగుడు."

"అది కాదు."

"ఏది కాదు. దేవుడి సంతకం మీరు పెట్టారు. ఇప్పుడు నా సంతకం కూడా మీరే పెట్టేసుకోండి. అలవాటేగా."

ఆ మాట అతనికి ఎక్కడో తగిలింది. లేచి నిలబడ్డాడు. "నువ్వు దేవుణ్ని మూడు రోజులు అడిగావు. నన్ను ఒక్క పూట అడిగావా."

"మిమ్మల్నేం అడగాలి."

"నేనెందుకు వెళ్దామంటున్నానో. పంపుల షాపు మూతపడి ఎనిమిది నెలలు నేను రోజూ పొద్దున్నే బయటికెళ్లి ఎక్కడ కూర్చున్నానో. ఇంటికొచ్చి మంచం ఎక్కితే చెక్క అడ్డుకు అటుపక్క నువ్వు దేవుడికి చెబుతావు, ఈయన మొహం చూస్తే భయమేస్తోంది తండ్రీ అని. పన్నెండేళ్ల కాపురంలో నాకు చెప్పని మాటలన్నీ ఆ చెక్కకు చెవి ఆనించి విన్నాను."

"లేచి వచ్చి అడగాల్సింది."

"వస్తే నువ్వు మిషను ఆపేస్తావు" అన్నాడు. "ఆపితే ఇక నీ నోటినుంచి మాట రాదు. అన్నం పెట్టనా అంటావు, అంతే."

 అబద్ధమని అనడానికి వీల్లేదు. అతను చేసింది తప్పు, అతను అన్నది నిజం. రెండూ ఒకే గుడ్డమీద పక్కపక్కన కుట్టినట్టున్నాయి, ఒకటి లాగితే రెండోది ముడత పడుతుంది.

"ఇంకొకటుంది" అన్నాడు ఫిట్టరు. గొంతు తగ్గింది. "అది చెప్పాలంటే ఇదంతా చెప్పాలి. అందుకే ఐదు నెలలు నోరు కుట్టుకున్నాను."

"చెప్పండి."

"ఆ గొడుగావిడను చూసినప్పుడు, బావమరిదికి వీలుకాక ఆవిణ్ని పంపాడేమో మావయ్య అనుకున్నాను. బయల్దేరే ముందురోజు, సాయం చేశావు మావయ్యా అని చెప్పడానికి వెళ్లాను. ఆయన తల వంచుకున్నాడు. నేనెవర్నీ పంపలేదు బాబూ, ఏమీ అనుకోకు అన్నాడు."



"ఎవర్నీ పంపలేదు" అన్నాడు మళ్లీ. "ఆవిడెవరో నాకు తెలీదు. ఆ రోజునుంచి నాకు భయంగా ఉంది. దొంగతనానికి వెళ్లినవాడికి తలుపులు వాటంతటవే తెరుచుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంది. నిన్ను మోసం చేద్దామనుకున్నాను. నా మోసం అక్కర్లేకుండానే పని జరిగిపోయింది. నిన్ను పంపింది నేను కాదే."

ఆమె అతని కళ్లలోకి చూసింది. నమ్మాలని ఉంది. ఎంత ఉందంటే, అంత ఉండడమే ఆమెను భయపెట్టింది. రేపు పొద్దున్న తొమ్మిదింటికి సంతకం కావాలి ఈ మనిషికి. ఒకసారి దేవుడి పేరు చెప్పి ప్రయాణం కట్టించినవాడు రెండోసారి కట్టించలేడా.

"నూనె మావయ్య నంబరు ఇవ్వండి."

"చేస్తాను ఉండు."

"మీరు కాదు. నేను చేస్తాను. మీరు తలుపు బయట నిలబడండి. మెట్లమీద. నాకు కనపడేచోట."

అతను నంబరు ఉన్న ఫోను బల్లమీద పెట్టి, జిడ్డుగుడ్డ భుజాన వేసుకుని, బడిలో గుంజీళ్లు తీయడానికి వెళ్లే పిల్లాడిలా బయటికెళ్లాడు. తలుపుకున్న గరుకు అద్దంలో అతని నీడ నిలబడింది.

సొంత ఊళ్లో అప్పుడు దీపాలు పెట్టే వేళ. నాలుగు మోతలకు ముసలాయన ఎత్తాడు. ఎవరో తెలిశాక కుశలాలు పది అడిగాడు. చలిగా ఉందా, తిండి పడుతోందా, పిల్ల ఎత్తెదిగిందా. ఆమె అన్నిటికీ ఊ కొట్టి, మాట జారకుండా జాగ్రత్తగా అడిగింది.

"మావయ్యా, నా మిషను కొనడానికి నువ్వు ఎవర్నయినా పంపావా."

అటుపక్క దగ్గు. "ఎవరన్నారు."

"ఎవరూ అనలేదు. నేనే అడుగుతున్నా. ఉన్నదున్నట్టు చెప్పు."

"మీ ఆయనకు మాటిచ్చానమ్మాయ్, చెప్పనని."

"ఆయన చెప్పేశాడు. ఆయన చెప్పిందీ నువ్వు చెప్పేదీ ఒకటో కాదో చూసుకోవాలి నేను."

ముసలాయన నిట్టూర్చాడు. "అడిగాడు తల్లీ, నిజమే. నేనూ తలూపాను. ఇంటికెళ్లాక మనసొప్పలేదు. ఆడపిల్ల దేవుణ్ని అడుక్కుంటోంది, మధ్యలో మనం దూరడమేంటని. మా బావమరిదికి చెప్పలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆ మూడు రోజులూ మీ వీధి వైపే రాలేదు. నాలుగోరోజు విన్నాను, మిషను వెళ్లిపోయిందని. నాకే ఒళ్లు గగుర్పొడిచింది."

ఆమె కళ్లు మూసుకుంది. పొద్దుటినుంచి భుజాలమీద ఉన్నదేదో దిగింది. పొద్దున్న పదకొండు గంటలకు పోయిన దేవుడు మధ్యాహ్నం రెండున్నరకు తిరిగి వచ్చినట్టుంది. అంతలోనే, అసలు పోయిందెవరు, తిరిగొచ్చిందెవరు అని నవ్వు కూడా వచ్చింది. ఆ ఆవిడ రాకపోయినా, వచ్చినా, ఆయన కూర్చున్నచోటే కూర్చుని ఉంటాడు. కదిలింది తనే.

"మంచిది మావయ్యా. ఉంటాను."

"ఉండమ్మాయ్, అసలు సంగతి నేనే నీకు ఫోను చేద్దామనుకుంటున్నా" అన్నాడు ముసలాయన. "ఆవిడ మొన్న నా దగ్గరకొచ్చింది."

"ఎవరు."

"నీ మిషను కొన్నావిడ. నల్ల గొడుగు. మిషను మెడమీద నా నంబరు చీటీ ఉందిగా, అది చూసి వెతుక్కుంటూ వచ్చింది. రిక్షాలో మిషను పెట్టుకుని వచ్చింది. బాగుచేయాలా అన్నాను. అక్కర్లేదు, దీన్ని తిరిగి ఇచ్చేయాలి, పని అయిపోయింది అంది. ఇక్కడే కొట్లో దింపించింది. నా ఎదురుగానే ఉందిప్పుడు, శుభ్రంగా తుడిచి ఇచ్చింది."

మిషనమ్మ చెయ్యి ఫైలుమీద బిగుసుకుంది. మిషను తిరిగొచ్చింది. సరిగ్గా సంతకం ముందురోజు ఆ కబురు తన చెవిన పడింది. ఇది రమ్మని పిలవడమా. మిషను వెళ్లడం వెళ్లమని చెప్పడమైతే, మిషను రావడం రమ్మని చెప్పడం కాదా. లెక్క అంత తేలిగ్గా ఉంది. అంత తేలిగ్గా ఉండడమే ఆమెకు నచ్చలేదు.

"సొరుగులో ఒక కవరు పెట్టిపోయింది" అన్నాడు మావయ్య. "అంటించి ఉంది. నువ్వు విప్పమంటే విప్పి చదువుతాను. విప్పమంటావా."

బయట మెట్లమీద అడుగుల చప్పుడు. బడి వదిలారు. అద్దంలో పొడవాటి నీడ పక్కన పొట్టి నీడ చేరింది. పిల్ల గొంతు వినిపించింది. పరుగెత్తుకొచ్చిన ఆయాసంతో తండ్రికి ఏదో చెబుతోంది. ఎవరో అమ్మాయి తన పక్కన కూర్చుందట, ఆ పిల్ల పెన్సిలు ములుకు విరిగితే తను చెక్కి ఇస్తూ ఏదో మాట అందట. ఆ అన్న మాట మన మాట కాదు. ఈ దేశపు మాట. ఐదు నెలలు దాచుకున్న మాట. దాన్ని తండ్రికి నేర్పుతోంది, అతను తప్పు పలుకుతున్నాడు, పిల్ల దిద్దుతోంది.

మిషనమ్మ వింటూ నిలబడిపోయింది.

"అమ్మాయ్, ఉన్నావా. విప్పనా."

"వద్దు మావయ్యా" అంది. "నేను ఈసారి గుర్తు అడగలేదు. అడక్కుండా వచ్చిందాన్ని చూసి సంతకం పెట్టడమో మానడమో చేయను. పెట్టాలో వద్దో నేనూ ఆయనా ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటాం. మిషను ఆపి మాట్లాడుకుంటాం. ఆ కవరు రేపు మధ్యాహ్నం విప్పు. అప్పటికి మా పని అయిపోతుంది."

"నీ ఇష్టం తల్లీ" అన్నాడు ముసలాయన. కాగితం అటూ ఇటూ తిప్పిన చప్పుడైంది. "అయినా నేను విప్పకూడదేమో కూడా. నిన్నడగడం కూడా తప్పేనేమో. ఇప్పుడు దీపం కింద చూస్తున్నాను కదా. దీనిమీద రాసింది నీ పేరు కాదమ్మా."

"మరెవరిది."

"మీ ఆయనది. పూర్తి పేరు, ఇంటిపేరుతో సహా."

తలుపు మీద మెల్లగా వేళ్లతో తట్టాడు ఫిట్టరు. గరుకు అద్దంలో తల వంచిన నీడ.

"రావచ్చా" అన్నాడు.

ఆవిడెవరో నాకు తెలీదు అన్న మనిషి గొంతే అది. పావుగంట కింద ఆ గొంతును నమ్మింది. ఆమె ఫోను కట్టేసి బల్లమీద బోర్లా పెట్టింది. ఫైలు తెరిచి, రెండు సంతకాల చోట్లూ కనపడేలా ఇద్దరి మధ్యకూ జరిపింది.

"రావచ్చా" అని రెండోసారి అడిగాడు.

"రండి" అంది. ఎంత మెల్లగా అందంటే, జీవితంలో మొదటిసారి ఆమె మాట తలుపు దాటి అవతలికి వినపడలేదు. లేచి వెళ్లి తనే తలుపు తీసింది. పెన్ను మాత్రం చేతిలోనే ఉంచుకుంది.